హోమ్ అప్రైజల్ ఆర్డర్: అమెరికాలోని తెలుగు మోర్ట్‌గేజ్ బ్రోకర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా, బే ఏరియా, ఎక్కడ చూసినా మనవాళ్లలో లోన్ ఆఫీసర్లు, బ్రోకర్లు పెరిగారు. లైసెన్స్ పరీక్ష పాసైనప్పుడు చదివిన రూల్స్ గుర్తుంటాయి కానీ, క్లోజింగ్ దగ్గరపడి క్లయింట్ రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తుంటే ఏది చేయొచ్చో ఏది చేయకూడదో అనే గీత మసకబారుతుంది. లోన్‌కి ముందు అప్రైజర్ చేత ఇంటి విలువ కట్టించే పనిలో, అంటే అప్రైజల్‌లో, ఆ గీత ఎక్కడుందో చూపడానికే ఈ పేజీ. మీ లెండర్, అంటే అప్పు ఇచ్చే సంస్థ, రాసిచ్చిన పాలసీ ఇంతకంటే గట్టిగా ఉంటే దాన్నే పాటించండి.

నేను బ్రోకర్‌ని. అప్రైజల్ ఆర్డర్ చేయొచ్చా, చేయకూడదా?

ఆర్డర్‌ని మొదలుపెట్టొచ్చు. అప్రైజర్‌ని మాత్రం మీరు ఎంచుకోకూడదు, నియమించకూడదు, మీ జేబులోంచి డబ్బు ఇవ్వకూడదు.

కన్వెన్షనల్ లోన్లకి (ఎఫ్‌హెచ్ఏ, వీఏ లాంటి ప్రభుత్వ ప్రోగ్రాముల కింద లేనివి), లెండర్ల నుంచి లోన్లు కొనే సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ పెట్టిన అప్రైజర్ ఇండిపెండెన్స్ రిక్వైర్‌మెంట్స్ ప్రకారం ఆ మూడు పనులూ లెండర్‌వి, లేదా లెండర్ అధికారం ఇచ్చిన సంస్థవి. ఆ సంస్థ సాధారణంగా అప్రైజల్ మేనేజ్‌మెంట్ కంపెనీ, అంటే ఏఎంసీ. లెండర్ ఒప్పుకుంటే మీరు లెండర్ పోర్టల్‌లోకి వెళ్లి ఇంటి వివరాలు నింపి రిక్వెస్ట్ పంపుతారు. అక్కడి నుంచి ఏఎంసీ తన లిస్టులోంచి ఒకరికి అప్పగిస్తుంది. రోజువారీ మాటల్లో "అప్రైజల్ ఆర్డర్ పెట్టాను" అంటాం కానీ, మీరు పెట్టింది రిక్వెస్టే. రిపోర్టులో క్లయింట్ అని ఉండే చోట లెండర్ పేరు ఉంటుంది, మీ కంపెనీ పేరు ఉండదు. బ్రోకర్ పేరు మీద చేయించిన రిపోర్టునీ, ఇల్లు కొనేవాళ్లు సొంతంగా చేయించుకున్న రిపోర్టునీ లెండర్ తీసుకోడు. ఆ ఫీజు వృథా.

లోన్ ఫైలు పనులు చూసే మా ప్రాసెసర్‌కి జీతమే, కమీషన్ లేదు. ఆమె చేత అప్రైజర్‌ని పెట్టించొచ్చా?

కుదరదు. ఆమె మీ ఆఫీసు మనిషే. జీతం ఏ రూపంలో ఇచ్చినా బ్రోకర్ షాపు బ్రోకర్ షాపే. పోర్టల్‌లో వివరాలు నింపే పని ఆమె నిశ్చింతగా చేయొచ్చు.

ఇంత కట్టుదిట్టం ఎందుకు వచ్చింది?

2008కి ముందు బ్రోకర్ తనకి నచ్చిన అప్రైజర్‌కి నేరుగా ఫోన్ చేసేవాడు. "నాకు నాలుగు లక్షలు కావాలి, వస్తుందా?" అనడం మామూలు విషయం. రాదు అన్నవాడికి మళ్లీ పని దొరికేది కాదు. పరీక్ష రాసే పిల్లాడి తండ్రి పేపర్ దిద్దే మాస్టారిని తనే ఎంచుకున్నట్టు ఉండేది వ్యవహారం.

2007 నవంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆండ్రూ క్యూమో ఫస్ట్ అమెరికన్ సంస్థ మీద, దాని అప్రైజల్ విభాగం ఈఅప్రైజ్‌ఐటీ మీద కేసు వేశారు. వాషింగ్టన్ మ్యూచువల్ బ్యాంకు ఒత్తిడికి లొంగి ఇళ్ల విలువలు పెంచి చూపారని ఆరోపణ. ఆ తర్వాత ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌లతో కుదిరిన ఒప్పందమే హోమ్ వాల్యుయేషన్ కోడ్ ఆఫ్ కండక్ట్. 2009 మే 1 నుంచి అమలైంది. 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం దాన్ని పక్కన పెట్టి ఇండిపెండెన్స్‌ని నేరుగా ఫెడరల్ చట్టంలోకి తెచ్చింది. కన్స్యూమర్ లోన్లకి ఫెడరల్ నిబంధనలైన రెగ్యులేషన్ జెడ్‌లో 1026.42 సెక్షన్ అదే. 2011 ఏప్రిల్ 1 నుంచి పాటించడం తప్పనిసరి. ఆ సెక్షన్‌లో "కవర్డ్ పర్సన్" (నియమం వర్తించే వ్యక్తి) అన్న నిర్వచనంలో మోర్ట్‌గేజ్ బ్రోకర్ కూడా ఉన్నాడు. అది లెండర్ తలనొప్పి, మనకేం సంబంధం అనుకునే వీలు లేదు.

ఎఫ్‌హెచ్ఏ, వీఏ లోన్లకీ ఇదే పద్ధతా?

దాదాపు ఇదే, ఇంకాస్త బిగువు. ఎఫ్‌హెచ్ఏ అంటే ఫెడరల్ హౌసింగ్ సంస్థ బీమా చేసే లోన్లు, వీఏ అంటే సైనికులకి, మాజీ సైనికులకి ప్రభుత్వ హామీతో వచ్చేవి. ఎఫ్‌హెచ్ఏలో అప్రైజర్ పేరు ఎఫ్‌హెచ్ఏ రోస్టర్‌లో, అంటే దాని ఆమోదిత జాబితాలో, ఉండాలి. ఎంపిక లెండర్‌ది. బ్రోకర్లకి, కమీషన్ మీద పనిచేసే లెండర్ సిబ్బందికి అందులో చోటు లేదు. వీఏలో లెండర్ కూడా ఎంచుకోలేడు. వీఏ తన ప్యానెల్‌లోంచి వంతుల వారీగా తనే అప్పగిస్తుంది. ఫీజు కూడా వీఏ చెప్పినదే.

రెంటల్ ప్రాపర్టీకి ఈ రూల్స్ వర్తిస్తాయా?

రెగ్యులేషన్ జెడ్‌లోని సెక్షన్ సొంత నివాసం మీద తీసుకునే కన్స్యూమర్ లోన్లకి. ఫ్యానీ, ఫ్రెడ్డీ నియమాలు మాత్రం వాళ్లు కొనే ఇన్వెస్ట్‌మెంట్ ఇళ్ల లోన్లకీ ఉన్నాయి. అద్దె ఆదాయం చూసి ఇచ్చే డీఎస్‌సీఆర్ లోన్లు వ్యాపార అవసరానివి కాబట్టి రెండింటి బయటా ఉండొచ్చు. అయినా ఆ లెండర్లు కూడా సాధారణంగా ఇదే క్రమం అడుగుతారు. ఫైలుకో పద్ధతి పెట్టుకుంటే ఏదో ఒకరోజు తడబడతారు. అన్నిటికీ ఒకే అలవాటు మంచిది.

మన తెలుగాయనే ఒకరు మంచి అప్రైజర్ ఉన్నారు. ఆయన్ని పంపమని ఏఎంసీకి చెప్పొచ్చా?

చెప్పకూడదు. "రికమెండ్ చేశానంతే, పెట్టమని బలవంతం చేయలేదు" అన్నా కుదరదు. కమీషన్ మీద బతికేవాళ్లు సిఫార్సు చేయడం కూడా నిషేధమే. ఫలానా ఆయన వద్దు అని చెప్పడమూ ఇలాంటిదే. పోయినసారి వాల్యూ తక్కువ వేశాడన్న కారణంతో ఒకరిని పక్కన పెట్టించడం రెగ్యులేషన్ జెడ్ పేరుపెట్టి ఉదాహరణగా చెప్పిన తప్పు.

రిపోర్టులో నిజంగా పనితనం లోపం ఉంటే, అంటే ఇంటికి వెళ్లకుండానే వెళ్లినట్టు రాస్తేనో, వేరే ఇంటి ఫొటోలు పెడితేనో, ఆధారాలతో లెండర్‌కి రాసి పంపండి. విచారించి నిర్ణయం తీసుకోవాల్సింది వాళ్లు.

ఆయన మీ బంధువైనా, ఆ ఇంటి డీల్‌లో వాటా ఉన్నా అది ఇంకో సమస్య. ఆస్తిలో గానీ లావాదేవీలో గానీ స్వార్థం ఉన్నవారు వాల్యుయేషన్ చేయకూడదు.

ఆర్డర్ ఎప్పుడు పెట్టాలి? ఫీజు ఎవరు కట్టాలి?

లోన్ ఎస్టిమేట్ (రేటు, ఖర్చుల అంచనా పత్రం) క్లయింట్‌కి అంది, ముందుకు వెళ్తామని వాళ్లు చెప్పాకే ఫీజు తీసుకోవాలి. అంతకుముందు తీసుకోదగింది క్రెడిట్ రిపోర్ట్ ఖర్చు ఒక్కటే. ఆ "ముందుకు వెళ్తాం" అన్న మాట ఈమెయిల్‌లోనో పోర్టల్‌లోనో రికార్డు అయ్యేలా చూసుకోండి. వాట్సాప్‌లో పెట్టిన బొటనవేలి బొమ్మని ఆడిటర్‌కి చూపించాలంటే ఇబ్బందే.

డబ్బు కట్టే సులువైన దారి, ఏఎంసీ పంపే లింకులో క్లయింటే కార్డుతో కట్టడం. "ముందు నేను కట్టేస్తా అన్నా, తర్వాత చూసుకుందాం" అని మీ కార్డు వాడకండి. స్నేహంతో చేసినా, బ్రోకర్ డబ్బు ఇచ్చినట్టే లెక్క.

ఇంకొకటి. లోన్ ఎస్టిమేట్‌లో అప్రైజల్ ఫీజు తక్కువ రాసి, తర్వాత ఎక్కువైతే ఆ తేడాని మామూలుగా క్లయింట్ మీద వేయలేరు. ఎకరాల స్థలంలో ఉన్న ఇల్లు, లేక్ పక్క ఇల్లు, అతిథుల కోసం విడిగా కట్టిన చిన్న ఇల్లు ఉన్న ఆస్తి లాంటివైతే ఎస్టిమేట్ ఇచ్చే ముందే లెండర్‌ని అసలు ఫీజు ఎంత అవుతుందో అడగండి.

రిక్వెస్ట్ ఫారంలో ఏం రాయాలి, ఏం రాయకూడదు?

బ్రోకర్ పనితనం కనిపించేది ఇక్కడే. చాలామంది రెండు నిమిషాల్లో నింపేసి, తర్వాత రెండు వారాలు టెన్షన్ పడతారు.

రాయాల్సినవి: అపార్ట్‌మెంట్ లేదా యూనిట్ నంబరుతో సహా సరైన చిరునామా. ఇంటి రకం సరిగ్గా. టౌన్‌హోమ్ లాగా కనిపించేది రికార్డుల్లో కాండో కావచ్చు. కాండోకి రిపోర్టులో అడిగే వివరాలు వేరు, ఫీజు వేరు. తప్పు రాస్తే మళ్లీ మొదటికొస్తుంది. కొనుగోలా రీఫైనాన్సా, ఇల్లు ఖాళీగా ఉందా, అద్దెకి ఎవరైనా ఉన్నారా. తాళం ఎవరి దగ్గరుంది, వాళ్ల ఫోన్ నంబర్, గేటెడ్ కమ్యూనిటీ అయితే గేట్ కోడ్. కుక్క ఉంటే అది కూడా రాయండి, నవ్వకండి. అప్రైజర్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తే రెండో ట్రిప్పుకి ఫీజు పడుతుంది. రిపోర్ట్ ఏ తేదీకి కావాలో చెప్పడంలో తప్పు లేదు. తొందరని చెప్పొచ్చు, అంకెని చెప్పకూడదు.

జత చేయాల్సింది: కొనుగోలైతే సేల్స్ కాంట్రాక్టు, దానికి జరిగిన సవరణలన్నీ. కావాల్సిన విలువని అప్రైజర్‌కి చెప్పడం నిషేధమే అయినా, కాంట్రాక్టు కాపీ ఇవ్వడానికి నియమాల్లోనే మినహాయింపు ఉంది. అందులో ధర ఎలాగూ కనిపిస్తుంది. సవరణలు ఎందుకు ముఖ్యమంటే, ఇన్‌స్పెక్షన్ తర్వాత ధర తగ్గి ఉండొచ్చు, సెల్లర్ క్లోజింగ్ ఖర్చులకి కొంత ఇస్తానని ఒప్పుకుని ఉండొచ్చు. పాత కాంట్రాక్టుతో రిపోర్ట్ వస్తే లోన్ ఆమోదించే అండర్‌రైటర్ మళ్లీ సరిచేయమంటాడు. కొత్త ఇల్లయితే బిల్డర్ ప్లాన్లు, అప్‌గ్రేడ్ల లిస్టు, ఇన్సెంటివ్‌ల వివరాలు కూడా. డిజైన్ సెంటర్‌లో క్లయింట్ ఎనభై వేలు ఖర్చుపెట్టాడని అప్రైజర్‌కి కల రాదు కదా.

జత చేయకూడనిది: ప్రీ-అప్రూవల్ లెటర్. అందులో లోన్ మొత్తం ఉంటుంది, కోరుకుంటున్న లోన్ మొత్తాన్ని అప్రైజర్‌కి తెలియనివ్వకూడదు. 1003 అనే లోన్ అప్లికేషన్, వడ్డీ రేటు ఖరారు చేసే రేట్ లాక్ కాగితాలు కూడా అంతే. ఫైలు పేరు మీద కూడా ఓ కన్నేయండి. "620కె కావాలి" అని పేరుపెట్టి పంపిన పీడీఎఫ్, లోపల ఏమున్నా, రాతపూర్వక ఒత్తిడే.

రీఫైనాన్స్‌లో పోర్టల్ "ఎస్టిమేటెడ్ వాల్యూ" అడుగుతుంది. ఏం చేయాలి?

లెండర్ తన వడ్డీ రేటు, ప్రోగ్రామ్ లెక్కల కోసం ఆ అంకె అడగడం సహజం. చిక్కల్లా అది అప్రైజర్‌కి వెళ్లే ఆర్డర్‌లో కనిపిస్తే. కాబట్టి అది అటు వెళ్తుందా లేదా అని లెండర్‌ని ఒక్కసారి ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. వెళ్తుందంటే ఖాళీగా వదిలేయడానికి వీలు కల్పించమనండి. కామెంట్స్ బాక్స్‌లో మాత్రం ఎప్పుడూ అంకె రాయకండి. "పక్కింటివాళ్లకి 7 లక్షలు వచ్చింది" అన్న వాక్యం కూడా అంకె రాయడమే.

ఆర్డర్‌కి ముందే ఓ అప్రైజర్‌ని "ఎంత రావచ్చు?" అని అడగొచ్చా?

పాతకాలపు "కాంప్ చెక్" ఇది. రిపోర్ట్ పూర్తికాకముందే అంచనా విలువ గానీ, కాంప్స్ (పోల్చదగ్గ ఇళ్ల అమ్మకాలు) గానీ ఇవ్వమని అప్రైజర్‌ని అడగడాన్ని నియమాలు ఒప్పుకోవు. అంచనా కావాలంటే రియల్టర్‌ని అడగండి, కౌంటీ రికార్డులు చూడండి. టెక్సాస్‌లో అమ్మకం ధరలు బహిరంగంగా నమోదు కావు కాబట్టి అక్కడ ఎమ్‌ఎల్‌ఎస్ (ఏజెంట్ల లిస్టింగ్ డేటాబేస్) అందుబాటు ఉన్న ఏజెంటే దిక్కు.

అప్రైజర్‌తో ఫోన్‌లో మాట్లాడితే తప్పా?

ఇంటికి ఎప్పుడు వస్తారు, తాళం ఎక్కడుంది, ఇలాంటివి తప్పు కాదు. విలువని తాకే సంభాషణ ఏదైనా తప్పే. నా సలహా, అపాయింట్‌మెంట్ కూడా ఏజెంట్ ద్వారానో ఏఎంసీ ద్వారానో జరగనివ్వండి. మీరు గేట్ కోడ్ గురించే మాట్లాడారని ఆరు నెలల తర్వాత నిరూపించడం కష్టం.

ఏజెంట్‌కి కొంత వెసులుబాటు ఉంది. ఇంటి దగ్గర అప్రైజర్‌ని కలిసి రూఫ్ ఎప్పుడు మార్చారు, ఏసీ ఎప్పటిది అని కాగితం ఇవ్వొచ్చు, ఇటీవలి అమ్మకాల వివరాలు చూపొచ్చు. కానీ విలువ ఇంత రావాలని ఒత్తిడి తెస్తే ఏజెంట్ కూడా అదే చట్టం కిందికి వస్తారు.

క్లయింట్లకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఇండియాలో బ్యాంకు ప్యానెల్ వాల్యుయర్ వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి "కొంచెం చూసి వేయండి సార్" అనడం మనలో చాలామంది చూసిందే. ఇక్కడ రీఫైనాన్స్‌కి వచ్చిన అప్రైజర్‌తో అలా అంటే ఆయన దాన్ని ఏఎంసీకి రిపోర్ట్ చేసే అవకాశం ఉంది. కాఫీ ఇవ్వండి, ఆ రెండో మాట వద్దు.

వాల్యూ తక్కువ వచ్చింది. ఇప్పుడేంటి?

ముందు లెక్క చూడండి. కాంట్రాక్టు ధర 6 లక్షల 20 వేల డాలర్లు, క్లయింట్ 20 శాతం అంటే 1 లక్ష 24 వేలు డౌన్ పెడుతున్నాడు, లోన్ 4 లక్షల 96 వేలు. వాల్యూ 6 లక్షలే వచ్చింది. ధర, వాల్యూలలో ఏది తక్కువైతే దాని మీదే లెండర్ లెక్కిస్తాడు కాబట్టి ఎల్‌టీవీ (విలువలో లోన్ వాటా) 82.67 శాతానికి పోయింది, పీఎమ్‌ఐ (ప్రైవేట్ మోర్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) పడుతుంది. 80 శాతంలో ఉండాలంటే లోన్ 4 లక్షల 80 వేలకి తగ్గాలి, క్లయింట్ ఇంకో 16 వేలు తేవాలి. తేడా 20 వేలైనా తేవాల్సింది 16 వేలే అని చాలామంది క్లయింట్లకి తట్టదు. పీఎమ్‌ఐతో వెళ్తే నెలకి ఎంతవుతుందో కూడా చూపించండి. సెల్లర్‌తో ధర మాట్లాడటం ఏజెంట్ పని. ఇవన్నీ చూశాకే రీకన్సిడరేషన్ ఆఫ్ వాల్యూ, అంటే ఆర్‌ఓవీ గురించి ఆలోచించండి.

ఆర్‌ఓవీ పూర్తిగా చట్టబద్ధం. అదనపు సమాచారం, వేరే కాంప్స్ పరిశీలించమని, వివరణ ఇవ్వమని, తప్పులు దిద్దమని అడగడాన్ని రెగ్యులేషన్ జెడ్ స్పష్టంగా అనుమతిస్తుంది. ఫ్యానీ, ఫ్రెడ్డీ 2024లో దీనికో క్రమం పెట్టాయి. క్లయింట్ తరఫున ఒక రిపోర్టుకి ఒక్కసారే, ఐదు కాంప్స్‌కి మించకుండా. ఒక్కటే ఛాన్స్ కాబట్టి హడావుడిగా వాడేయకండి. రిక్వెస్ట్ లెండర్‌కి వెళ్తుంది, అక్కడ అప్రైజల్ తెలిసినవాళ్లు చూసి అప్రైజర్‌కి పంపుతారు.

మొదట రిపోర్టులో నిజాలు సరిచూడండి: వైశాల్యం, బాత్‌రూమ్‌లు, గ్యారేజ్, లాట్ సైజు, కట్టిన సంవత్సరం. తర్వాత కాంప్స్. అప్రైజల్ తేదీ నాటికి అమ్మకం పూర్తయినవి, దగ్గరలో ఉన్నవి, సైజులో పోలినవి. లిస్టింగ్ ధరలు పనికిరావు, జిల్లో వెబ్‌సైట్ అంచనా అసలే పనికిరాదు. కొత్త సబ్‌డివిజన్ అయితే ఫ్యానీ మే ఆ సబ్‌డివిజన్ లోపలి అమ్మకం ఒకటి, బయటి అమ్మకం ఒకటి కనీసం అడుగుతుంది. బిల్డర్ నేరుగా అమ్మినవి ఎమ్‌ఎల్‌ఎస్‌లో కనబడకపోవచ్చు. వాటి వివరాలు బిల్డర్ ఆఫీసు నుంచి తెప్పించగలిగితే మీ రిక్వెస్ట్‌కి బలం.

రాసే తీరు ఇలా ఉండాలి: "రిపోర్టులో నివాస వైశాల్యం 2,845 చదరపు అడుగులు అని ఉంది. బిల్డర్ ప్లాన్‌లో 3,012 ఉంది, ప్లాన్ జత చేశాం. దయచేసి పరిశీలించి, అవసరమైతే సరిచేయగలరు." ఇంతే. "ధరకి సరిపోయేలా చూడండి" అన్న ఒక్క ముక్క చేర్చారంటే మంచి ఆర్‌ఓవీ కాస్తా ఒత్తిడిగా మారిపోతుంది.

వీఏ లోన్లలో ముందే ఓ హెచ్చరిక ఉంటుంది. కాంట్రాక్టు ధర రాకపోవచ్చని అప్రైజర్‌కి అనిపిస్తే, రిపోర్ట్ ముగించక ముందే లోన్ తరఫు కాంటాక్ట్‌కి చెబుతాడు. దీన్ని టైడ్‌వాటర్ అంటారు. కాంప్స్ ఇవ్వడానికి రెండు పనిదినాలే టైమ్. ఎంత తక్కువ వస్తోందో ఆయన చెప్పడు, మీరు అడగకూడదు.

ఈస్ట్ ఫేసింగ్ ఇల్లు, చుట్టూ మనవాళ్లే. అందుకే ధర ఎక్కువ అని రాయొచ్చా?

ఇందులో రెండు ముక్కలున్నాయి, రెండూ కలపకండి.

ముఖద్వారం తూర్పుకి ఉందనేది ఇంటి గురించిన విషయం. మన కుటుంబాలు ఎక్కువగా కొనే చోట్ల ఈస్ట్ ఫేసింగ్ లాట్‌కి బిల్డరే ప్రీమియం అడగడం మామూలే. అయితే అప్రైజర్‌కి నమ్మకం కాదు, లెక్క కావాలి. ఒకే కమ్యూనిటీలో ఒకే ప్లాన్ ఇళ్లు, ఒకటి తూర్పు, ఒకటి పడమర, దగ్గర దగ్గర తేదీల్లో అమ్ముడై, ధరలో తేడా కనిపిస్తే అది చూపించండి. బిల్డర్ లాట్ ప్రీమియం షీట్ కూడా జత చేయండి. పరిగణిస్తాడా లేదా అన్నది ఆయన ఇష్టం.

"ఇక్కడ ఇండియన్లు ఎక్కువ, అందుకే డిమాండ్" అనేది మనుషుల గురించిన విషయం. ఏ దేశం నుంచి వచ్చినవాళ్లు ఉంటున్నారన్న దాన్ని బట్టి ఇంటి విలువ కట్టడాన్ని ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధిస్తుంది. విలువ పెంచడానికే రాశాం కదా, మన గురించి మంచిగానే రాశాం కదా అనుకోవద్దు. అలాంటి వాక్యం ఉన్న ఆర్‌ఓవీని లెండర్ అక్కడే ఆపేస్తాడు, ఆ ఒక్క ఛాన్సూ పోతుంది. గుడి ఎంత దూరమో, ఇండియన్ గ్రోసరీ ఎంత దూరమో కూడా రాయకపోవడమే మంచిది. దాని వెనకున్న అర్థం అందరికీ తెలిసిందే.

ఇంకో అప్రైజల్ చేయించి, ఎక్కువ వచ్చింది వాడుకోవచ్చా?

లేదు. మొదటి రిపోర్టు లోపభూయిష్టంగా ఉందనో, ఒత్తిడితో చెడిందనో నమ్మడానికి సరైన కారణం ఉంటేనో, లెండర్ క్వాలిటీ కంట్రోల్‌లో భాగంగానో రెండోది తెప్పిస్తారు. అప్పుడు కూడా నమ్మదగినది ఏదో దాన్ని వాడాలి, పెద్ద అంకె ఉన్నదాన్ని కాదు. కొని కొద్ది నెలలకే ధర బాగా పెంచి తిరిగి అమ్ముతున్న ఇళ్లకి కొన్ని లోన్లలో రెండో అప్రైజల్ చట్టమే అడుగుతుంది. అది వేరే సంగతి.

లెండర్‌ని మారిస్తే పాత అప్రైజల్ పనికొస్తుందా?

ఎఫ్‌హెచ్ఏలో క్లయింట్ అడిగితే కేస్ నంబర్‌తో పాటు అప్రైజల్ కొత్త లెండర్‌కి వెళ్లాలి. కన్వెన్షనల్‌లో పాత లెండర్ ఇవ్వడానికి, ఇండిపెండెన్స్ నియమాలు పాటించారని కొత్త లెండర్ నమ్మడానికి ఒప్పుకోవాలి. ఇద్దరినీ అడిగాకే క్లయింట్‌కి మాటివ్వండి. వాల్యూ నచ్చక లెండర్‌ని మార్చే ఉద్దేశమైతే ఎఫ్‌హెచ్ఏలో ఆ ఎత్తు పారదు. అదే రిపోర్టు వెంటే వస్తుంది.

రిపోర్ట్ కాపీ క్లయింట్‌కి ఎప్పుడు ఇవ్వాలి?

మొదటి లీన్ (ఇంటి మీద మొదటి తాకట్టు) లోన్లకి, పూర్తయిన వెంటనే లేదా క్లోజింగ్‌కి మూడు పనిదినాల ముందు, ఏది ముందైతే అది. 2014 జనవరి నుంచి ఇదే నియమం. లోన్ రిజెక్ట్ అయినా కాపీ ఇవ్వాల్సిందే. పంపే బాధ్యత లెండర్‌ది, అందిందో లేదో కనుక్కోవడం మీ మర్యాద.

రూల్ తప్పితే ఏమవుతుంది?

చట్టంలో రాసిన జరిమానా మొదటిసారికి రోజుకి 10,000 డాలర్ల వరకు, మళ్లీ చేస్తే 20,000 వరకు. ద్రవ్యోల్బణాన్ని బట్టి సవరిస్తుంటారు కాబట్టి ఇప్పుడు ఇంకా ఎక్కువే. అయితే మామూలు బ్రోకర్‌కి అంతకంటే ముందు తగిలే దెబ్బ వేరు: లెండర్ మీతో ఒప్పందం రద్దు చేస్తాడు, ఫ్యానీ మే ఆ లోన్‌ని వెనక్కి కొనమంటే ఆ నష్టం మీ నెత్తిన వేయడానికి బ్రోకర్ ఒప్పందంలో క్లాజు వెతుకుతాడు.

డీల్ క్యాన్సిల్ అయింది. అప్రైజల్ ఫీజు వెనక్కి వస్తుందా?

అప్రైజర్ ఇంటికి వెళ్లకముందే పోర్టల్‌లో క్యాన్సిల్ చేస్తే చాలావరకు వస్తుంది. ఆలస్యం చేయకండి, ఫోన్ చేసి చెప్పాం కదా అని ఊరుకోకండి, పోర్టల్‌లో క్యాన్సిల్ అని కనబడాలి. బయల్దేరాక అయితే ట్రిప్ ఫీజు పోతుంది. ఇన్‌స్పెక్షన్ అయిపోయాక మొత్తం కట్టాల్సిందే. వాల్యూ తక్కువ వచ్చిందని గానీ, లోన్ క్లోజ్ కాలేదని గానీ ఫీజు ఆపమని క్లయింట్ అడిగితే కుదరదని చెప్పండి. ఆపడం కూడా రెగ్యులేషన్ జెడ్ పేరుపెట్టి చెప్పిన తప్పుల్లో ఒకటి. క్రెడిట్ కార్డు కంపెనీతో డిస్ప్యూట్ వేస్తానంటే, ఆ సలహా మాత్రం మీ నోట రాకూడదు.